టోనహీ ముద్ర: బాధితురాలి పక్కన నిలబడటం నేర్చుకున్న చరిత్ర



భిలాయి పేరు వినగానే మీకు ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తుంది. 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ తరువాత దేశం నలుమూలల నుంచి ఉద్యోగులు, కార్మికులు అక్కడికి చేరారు. వారిలో మన తెలుగువారు తక్కువేమీ కాదు. విశాఖలోనో, శ్రీకాకుళంలోనో భిలాయిలో పనిచేసి వచ్చిన కుటుంబాలు కనిపిస్తాయి. సెక్టార్లుగా తీర్చిన వీధులు, బడులు, పెద్ద ఆసుపత్రి ఉన్న ఆ పట్టణాన్ని కొత్త భారతదేశానికి నమూనాగా ఒకప్పుడు పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం.

అయితే ఆ పట్టణం పొలిమేర దాటి పల్లెల్లోకి వెళితే మరో మాట వినిపిస్తుంది. ఆ మాట "టోనహీ". మన భాషలో చెప్పాలంటే చేతబడి చేసే మనిషి అని అర్థం. ఊళ్లో బిడ్డకు జ్వరం తగ్గకపోయినా, గేదె పాలివ్వకపోయినా, పైరు ఎండిపోయినా ఎవరో ఒక స్త్రీని చూపించి ఆ మాట అంటారు. అన్న క్షణం నుంచి ఆమె బతుకు మారిపోతుంది. బావి దగ్గరికి రానివ్వరు. పిల్లలను ఆమె ఇంటి వైపు పోనివ్వరు. తరువాత దెబ్బలు, అవమానం, వెలి, కొన్నిచోట్ల హత్య.

ఇటువంటి దాడికి గురైన మనిషికి మారుమూల పల్లెలో అండ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ అండ ఎలా రూపు దిద్దుకుంది? ఈ పాఠంలో మనం పరిశీలించబోయే ప్రశ్నలు ఇవే.

నమ్మకం వెనుక ఉన్న లెక్కలు

ఛత్తీస్‌గఢ్‌లో శ్రావణ అమావాస్య నాడు హరేలీ పండుగ జరుపుకుంటారు. నాగలిని, పనిముట్లను కడిగి పూజిస్తారు. పిల్లలు వెదురు గెడలపై నిలబడి నడుస్తారు. ఎంతో అందమైన సేద్యపు పండుగ అది. అదే రోజున ఇళ్ల గుమ్మాలకు వేపరెమ్మలు కూడా కడతారు. ఆ రాత్రి టోనహీలు తిరుగుతారనీ, వేప ఇంటిని కాపాడుతుందనీ విశ్వాసం. వేపరెమ్మ కట్టినందువల్ల ఎవరికీ హాని లేదు. ఆ భయానికి ఒక మనిషి పేరు తగిలించినప్పుడే హాని మొదలవుతుంది.

ఆ పేరు సాధారణంగా ఎవరిది? ఈ ప్రశ్న వేసి చూడండి, విషయం తేటపడుతుంది. భర్త పోయి, పేరున కొద్దిపాటి పొలం మిగిలిన స్త్రీ కావచ్చు. పిల్లలు లేని వృద్ధురాలు కావచ్చు. ఎదురు మాట్లాడే అలవాటున్న మనిషి కావచ్చు. ఒకరి కోరికను కాదన్న యువతి కావచ్చు. పురుషులూ దీనికి బలవుతారు, వారిని "టోనహా" అంటారు. కాని ఎక్కువగా గురి అయ్యేది వెనుక నిలబడేవారు లేని స్త్రీయే. ఊరి వైద్యుడుగా, మంత్రగాడుగా ఉండే బైగా ఎవరి వైపు వేలు చూపితే అనుమానం అటు పోతుంది. అంతకుముందే ఆ ఇంటితో గట్టు తగాదా ఉంటే పని సులువవుతుంది. అందుచేత దీన్ని కేవలం మూఢనమ్మకం అని సరిపెట్టుకోకూడదు. నమ్మకం, ఆస్తి, అణచివేత కలిసి పనిచేసే చోటు ఇది.

తెలంగాణ, ఆంధ్ర పాఠకులు దీన్ని పరాయి రాష్ట్రపు వింత అనుకోనక్కరలేదు. మన దగ్గర బాణామతి, చిల్లంగి, చేతబడి అనే పేర్లు ఉన్నాయి. మంత్రాలు చేస్తున్నారని అనుమానించి మనుషులను కొట్టడం, పళ్లు ఊడగొట్టడం, సజీవంగా కాల్చడం వంటి వార్తలు మనం ఎన్నిసార్లు చదవలేదు? విజయవాడ నాస్తిక కేంద్రం, 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు పల్లెలు తిరిగి, మంత్రగాళ్ల గారడీలను జనం ముందే చేసి చూపించి, వాటి గుట్టు విప్పింది ఇందుకే.

చట్టం ఎవరి వైపు చూసింది?

కొంచెం వెనక్కి వెళదాం. 1692లో అమెరికాలోని సేలం పట్టణంలో మంత్రగత్తెల పేరిట విచారణలు జరిగాయి. 19 మందిని ఉరితీశారు. అక్కడ ఆరోపణ చేసింది ఇరుగుపొరుగు, శిక్ష వేసింది న్యాయస్థానం. అంటే చట్టం ఆరోపించినవారి పక్షాన ఉంది. 1735లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసి ఈ దిశను మార్చింది. మంత్రవిద్య అనే నేరం లేదనీ, తనకు అటువంటి శక్తి ఉందని చెప్పుకొని జనాన్ని మోసగించేవారే శిక్షార్హులనీ చెప్పింది. న్యాయచరిత్రలో ఇది పెద్ద మలుపు. అయినా ఆరోపణకు గురైన మనిషి సంగతి ఏమిటన్న ప్రశ్న అప్పటికీ మిగిలే ఉంది.

మన దేశంలో ఈ ప్రశ్నకు జవాబుగా ప్రత్యేక చట్టం చేసిన మొదటి రాష్ట్రం బీహార్. అది 1999లో వచ్చింది. ఒకరిని డాయన్ అని ముద్ర వేస్తే మూడు నెలల వరకు, హింసిస్తే ఆరు నెలల వరకు జైలు అని అందులో ఉంది. విడిపోయిన జార్ఖండ్ అదే చట్టాన్ని తన రాష్ట్రానికి స్వీకరించింది. ఒక మనిషి బతుకును కూల్చిన పనికి మూడు నెలల శిక్ష చాలదని విమర్శ వచ్చింది.

2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2005లో టోనహీ ప్రతాడనా నివారణ చట్టం తెచ్చింది. ఈ చట్టంలో మూడు అంశాలను మీరు ప్రత్యేకంగా గమనించాలి. మొదటిది, ఎవరినైనా టోనహీ అని చూపించడమే నేరం. చెయ్యి చేసుకోవలసిన అవసరం లేదు, ఆ మాట చాలు. దానికి మూడేళ్ల వరకు కఠిన కారాగారం. రెండవది, ఆ పేరుతో శారీరకంగా గాని మానసికంగా గాని హింసిస్తే ఐదేళ్ల వరకు శిక్ష. మూడవది, మంత్రం వేసి నయం చేస్తానని చెప్పి ఝాడ్‌ఫూంక్ చేసేవారు కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తారు. అంటే వేలు చూపే వ్యాపారాన్నే చట్టం అడ్డుకోవాలనుకుంది. ఈ నేరాల్లో పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా దొరకదు.

ఆ తరువాత ఒడిశా 2013లో, రాజస్థాన్ 2015లో తమ చట్టాలు చేశాయి. అస్సాం శాసనసభ 2015లో ఆమోదించిన బిల్లు 2018లో చట్టమైంది. 2021 జులైలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి కూడా మంత్రవిద్య ఆరోపణలతో జరిగే హింసను ఖండిస్తూ ఒక తీర్మానం చేసింది.

కారంచేడు, చుండూరు నేర్పిన పాఠం

ఒక మనిషి చేసిన పనిని బట్టి కాక, ఆ మనిషి ఎవరు అన్నదాన్ని బట్టి జరిగే దాడిని ద్వేష నేరం అంటారు. దెబ్బ తగిలేది ఒకరికి, భయపడేది ఆ కోవకు చెందిన అందరూ. మన శిక్షాస్మృతిలో ఆ పేరుతో సెక్షన్ లేదు. కాని ఆ భావాన్ని మన చట్టంలోకి తెచ్చింది చాలావరకు దళితుల పోరాటమే. అందులో తెలుగునేలకు పెద్ద పాత్ర ఉంది.

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితవాడ మీద దాడి జరిగింది. ఆరుగురు దళితులు ప్రాణాలు కోల్పోయారు. మిగిలినవారు ఊరు విడిచి చీరాల చేరారు. అక్కడ శిబిరంలో ఉంటూనే వారు ఉద్యమం నడిపారు. తిరిగి అదే ఊరికి, అదే పెత్తనం కిందికి వెళ్లబోమని అన్నారు. బాధితులకు కావలసింది నాలుగు రోజుల బియ్యం, దుప్పట్లు మాత్రమే కాదు, తల ఎత్తుకొని బతికే చోటు అని దేశానికి తెలిసింది అప్పుడే. 1989లో పార్లమెంటు షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. దాని వెనుక ఉన్న ఒత్తిడిలో కారంచేడు ఒక ముఖ్యమైన భాగం.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. విచారణ జిల్లా కేంద్రంలో జరిగితే సాక్షులు రాలేరు, వచ్చినా భయం లేకుండా మాట్లాడలేరు అని బాధితులు పట్టుబట్టారు. చివరకు ప్రత్యేక న్యాయస్థానం చుండూరులోనే కూర్చుంది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఫలితం ఎలా ఉన్నా, న్యాయం కోసం బాధితుడు పట్నం పోవడం కాదు, న్యాయమే బాధితుడి ఊరికి రావాలి అన్న ఆలోచన మాత్రం చరిత్రలో నిలిచిపోయింది.

ఈ రెండు దారులు ఒకచోట కలిశాయి. 2016 జనవరి 26న అమలులోకి వచ్చిన సవరణతో అత్యాచారాల నిరోధక చట్టంలో ఒక కొత్త నేరం చేరింది. షెడ్యూల్డు కులానికి, తెగకు చెందిన వ్యక్తిని మంత్రగత్తె అని ఆరోపించి శరీరానికి గాని మనసుకు గాని బాధ కలిగించడం ఆ నేరం. అదే సవరణలో బాధితుల, సాక్షుల హక్కుల పేరిట ఒక అధ్యాయమే చేర్చారు. రక్షణ, విచారణకు వచ్చే ప్రయాణ ఖర్చు, పోషణ ఖర్చు, పునరావాసం, అవసరమైతే నివాసం మార్పు అన్నవి దయగా ఇచ్చేవి కావనీ, హక్కులనీ చట్టమే చెప్పింది.

అయితే ఒక చిక్కు ఉంది. ఈ చట్టం వర్తించాలంటే దాడి చేసినవారు షెడ్యూల్డు కులాలకు, తెగలకు చెందని వారై ఉండాలి. టోనహీ కేసుల్లో వేలు చూపేది చాలాసార్లు సొంత మరిది, పక్కింటివాడు, అదే తెగ పెద్ద. అప్పుడు ఆ స్త్రీకి మిగిలేది రాష్ట్రం చేసిన ప్రత్యేక చట్టం, సాధారణ శిక్షాస్మృతి. ఛత్తీస్‌గఢ్ చట్టం ఎందుకు అవసరమయిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

చట్టానికి ముందు డాక్టరు

ఇంతవరకు చట్టాల గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు భిలాయి వైపు తిరిగి వద్దాం. భిలాయి కొలుములకు ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. 1977లో అక్కడి కాంట్రాక్టు కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో సంఘం పెట్టుకున్నారు. ఆ సంవత్సరం జూన్ మొదట్లో జరిగిన పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వారి జ్ఞాపకార్థం కార్మికులు తమ శ్రమతో, తమ చందాలతో శహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. అది 1983 జూన్ 3న మొదలయింది. గని కార్మికులే కాదు, చుట్టుపక్కల పల్లెల రైతులూ, ఆదివాసులూ అక్కడికి రావడం మొదలుపెట్టారు. నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్య చేశారు. ఆసుపత్రి మాత్రం ఆగలేదు.

టోనహీ సమస్యకూ ఆసుపత్రికీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం నేరుగా ఉంది. బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి అనుకోండి. వైద్యుడు పది కోసుల దూరంలో, బైగా పక్క వీధిలో ఉంటే తల్లి ఎవరి దగ్గరికి పోతుంది? బిడ్డ చనిపోతే బైగా తన మంత్రం ఓడిందని ఒప్పుకోడు, ఎదురు మంత్రం వేసినవారు ఉన్నారంటాడు. అదే బిడ్డకు వేళకు ఉప్పు చక్కెర నీళ్లు పట్టి బతికించుకుంటే, వేలు చూపే అవసరమే రాదు. అంటే ఒక ఆరోగ్య కార్యకర్త ఒక బిడ్డ ప్రాణంతోపాటు, ఊరి చివర ఉన్న ఒక ముసలమ్మ ప్రాణాన్ని కూడా కాపాడుతుంది.

2002లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలయిన మితానిన్ పథకాన్ని ఈ వెలుగులో చూడండి. మితానిన్ అంటే అక్కడి మాటలో ఆచారబద్ధంగా చేసుకున్న నేస్తురాలు. ప్రతి పాడా నుంచి ఒక స్త్రీని ఎంచి, ప్రాథమిక వైద్యం నేర్పి, ఆ ఊరికే ఆరోగ్య కార్యకర్తను చేశారు. తరువాత దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తల పథకానికి ఇది ఒక ఆదర్శం. రాయపూర్‌లో కంటి వైద్యుడు డాక్టర్ దినేశ్ మిశ్రా కూడా ఏ స్త్రీ టోనహీ కాదు అనే నినాదంతో ఏళ్ల తరబడి పల్లెలు తిరిగారు. హరేలీ రాత్రులలో ఆయన బృందం పల్లెలలో తిరిగి, భయపడవలసింది ఏమీ లేదని చెప్పేది. ఊరివారు పోలీసు చెప్పిన మాటకంటే డాక్టరు చెప్పిన మాట వింటారు.

మొదటి రోజు, మొదటి నెల, ఆ తరువాత

ఇక ఒక ఊరిలో ఒక స్త్రీ మీద దాడి జరిగింది అనుకుందాం. ఆమెకు ఏ దశలో ఏ సహాయం అందవలసి ఉందో వరుసగా చూద్దాం.

మొదటి రోజు ఆమెకు కావలసింది ప్రాణరక్షణ, వైద్యం, ఫిర్యాదు నమోదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయాలి. మా పరిధి కాదు అని తిప్పి పంపకూడదు. వారపు సంతకు నడిచి వచ్చే మనిషికి ఈ ఒక్క మాట ఎంత విలువైనదో ఊహించండి. అఘాయిత్యానికి గురైన స్త్రీకి వైద్యం, ఆశ్రయం, న్యాయసలహా ఒకే చోట అందించే సఖీ కేంద్రాల్లో దేశంలో మొదటిది 2015 జులైలో రాయపూర్‌లోనే తెరిచారు. 181 నంబరుకు ఫోను చేస్తే ఆ సహాయం దొరుకుతుంది.

మొదటి నెలలో కావలసింది న్యాయవాది, డబ్బు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చు, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. నేరస్తుడికి శిక్ష పడేవరకు ఆగకుండానే బాధితులకు పరిహారం ఇచ్చే పథకం 2009 చివరి నుంచి మన చట్టంలో ఉంది. సాక్షులను బెదిరిస్తే 2018 నాటి సాక్షుల రక్షణ పథకం ఉంది. దానికి సుప్రీంకోర్టు ఆ ఏడాది డిసెంబరులో ఆమోదం తెలిపింది.

కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి. అసలు పరీక్ష ఆ తరువాత వస్తుంది. కేసు నడుస్తుండగానే ఆమె అదే ఊరిలో, అదే బావి దగ్గర, అదే మనుషుల మధ్య బతకాలి. రాజీ పడమని కులపెద్దలు వస్తారు. సాక్ష్యం చెప్పవలసినవారు ఆమె చుట్టాలే. దుకాణంలో ఉప్పు ఇవ్వరు, పొలానికి కూలీ రాడు. ఇక్కడే చాలా కేసులు ఓడిపోతాయి. ఊరు విడిచి పోతే ఆమె పొలం ఎవరిదవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఆరోపణకు కారణమయిన పొలమే ఆరోపించినవాడి చేతికి పోతే, శిక్ష పడినా నేరం గెలిచినట్టే. కాబట్టి బాధితురాలికి అండ అంటే ఆమె భూమిని కాపాడటం, ఆమె ఇంటికి పదిమంది వచ్చి పోతూ ఉండటం, పంచాయతీ సభలో బహిరంగంగా ఆమె పక్షాన మాట్లాడటం.

ఆ పని చేసి చూపినవారిలో ఇద్దరి పేర్లు చెప్పుకుందాం. జార్ఖండ్‌లోని సరాయికేలా ప్రాంతానికి చెందిన ఛుట్నీ మహతోను 1995లో డాయన్ అని హింసించి ఊరి నుంచి తరిమారు. ఆమె దాక్కోలేదు. తనలాంటి స్త్రీలకు తన ఇంటినే ఆశ్రయం చేసింది. అస్సాంలోని గోవాల్‌పారా జిల్లా స్త్రీ బీరుబాలా రాభా కొడుకు మూడు రోజుల్లో చనిపోతాడని ఒక మంత్రగాడు చెప్పాడు. కొడుకు చనిపోలేదు. ఆ అబద్ధం ఆమె కళ్లు తెరిపించింది, ఊరూరా తిరిగి ముద్రపడిన స్త్రీల పక్కన నిలబడేలా చేసింది. 2021లో ఇద్దరికీ పద్మశ్రీ ప్రకటించారు. బీరుబాలా 2024 మే నెలలో కన్నుమూశారు. ఇద్దరూ పెద్ద చదువులు చదివినవారు కారు. బాధపడినవారికి బాధపడినవారే మొదటి ఆసరా అని వారి జీవితాలు చెబుతాయి.

ముగింపు

ఇవన్నీ చదివి సమస్య తీరిందనుకోకండి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2021లో మంత్రవిద్య కారణంగా 68 హత్యలు జరిగాయి. అందులో 20 ఛత్తీస్‌గఢ్‌లో, 11 తెలంగాణలో. 2024 సెప్టెంబరులో కొద్ది రోజుల తేడాతో ఛత్తీస్‌గఢ్‌లో రెండు ఘటనలు జరిగాయి. బలౌదా బజార్ జిల్లాలో ఒకే కుటుంబంలో నలుగురిని, మన సరిహద్దుకు దగ్గరలోని సుక్మా జిల్లా కోంటా ప్రాంతంలో ఐదుగురిని ఇదే అనుమానంతో చంపారు. చట్టం వచ్చి అప్పటికి 19 ఏళ్లు గడిచాయి.

దీని అర్థం చట్టం పనికిరాదని కాదు. చట్టం దెబ్బ తగిలిన తరువాత వస్తుంది. దెబ్బకు ముందు చాలా రోజులు ఆ మాట ఊళ్లో తిరుగుతుంది. బావి దగ్గర, రచ్చబండ దగ్గర, పెళ్లి పందిట్లో తిరుగుతుంది. విన్నవారిలో ఒక టీచరు ఉంటారు, ఒక అంగన్‌వాడీ కార్యకర్త ఉంటారు, సెలవుకు ఇంటికి వచ్చిన ఉక్కు కార్మికుడు ఉంటాడు. బహుశా మీరూ ఉంటారు. మాట అన్నంతమాత్రాన నేరమే అని 2005 చట్టం చెప్పింది కదా. అంటే ఆ మాట విన్న మనిషి నేరం మొదలయిన క్షణానికి సాక్షి.

మీ ఊళ్లో ఎవరి గురించైనా ఆ మాట వినిపిస్తే, ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్లండి. పదిమంది చూస్తుండగా ఆ గడపలో కూర్చోండి. ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగండి. ఈ పాఠంలో చెప్పుకున్న చట్టాలన్నీ అక్కడి నుంచే పని మొదలుపెడతాయి.